ధన్వికకు మూడేళ్ళు నింపే విధానం

మా శాఖలో పుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెరగడానికే కావాలి.

ఈ ముక్క నా సొంతం కాదు. కిందటి వేసవి శిక్షణలో మా ప్రాజెక్టు అధికారి ఉమాపతిరావు గారు మైకు పట్టుకుని సెలవిచ్చినది. మండలంలోని బాలవాడీ టీచర్లం నలభై మందిమి జంబుఖానా మీద కూర్చుని ఉన్నాం. "జననం అనేది కుటుంబ వ్యవహారం. వయసు పెరగడం మాత్రం ప్రభుత్వ వ్యవహారం. ఇన్నాళ్ళూ మన పిల్లలు ఎవరి పర్యవేక్షణా లేకుండా ఇష్టారాజ్యంగా పెరిగిపోయారు. ఇకమీదట అలాంటి పెరుగుదలను శాఖ ఉపేక్షించదు" అన్నారాయన. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. దోమను కొట్టారేమో, నేను చూడలేదు.

నా పేరు నూకరత్నం. రొయ్యల చెరువుల మధ్య ఇరుక్కుపోయిన పల్లంపేటలో ఇరవై రెండేళ్ళుగా బాలవాడీ నడుపుతున్నాను. నా చేతుల మీద అక్షరాలు దిద్దిన పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని తెచ్చి నా దగ్గర దింపుతున్నారు. వాళ్ళంతా ఎవరినీ అడక్కుండా పెరిగినవాళ్ళే. ఎంత తప్పు చేశారో పాపం వాళ్ళకు తెలియదు.

సంగతేమిటంటే, పుట్టినరోజు చేసిన పిల్లలు ధైర్యంగా పెరుగుతారని రాజధానిలో ఎవరో పెద్దాయన ఎక్కడో చదివారట. మంచిదే. మా పేటలో సగం మంది పిల్లలకు పుట్టినరోజంటే వాళ్ళమ్మ తలంటిపోసి ఇంత బెల్లమ్ముక్క నోట్లో పెట్టడమే. బాలవాడీలోనే వేడుక చేద్దామంటే అందరికన్నా ముందు నేనే సంతోషించాను, అబద్ధమెందుకు. ఆ సంతోషం నాలుగు రోజులే నిలిచింది. టీచర్లు వేడుక చెయ్యకుండానే చేశామని రాసేసుకుంటారేమోనని ఇంకో పెద్దాయనకు అనుమానం వచ్చింది. మా శాఖలో అనుమానం వచ్చిందంటే యాప్ వచ్చిందన్నమాటే.

దాని పేరు 'చిరుదీపం'. పుట్టినరోజు నాడు బిడ్డకు దానితో ఫోటో తియ్యాలి. ముఖం ఆ బిడ్డదేనా, ఎదురుగా కొవ్వొత్తి ఉందా, బిడ్డ దాన్ని ఊదుతోందా, ఊదేటప్పుడు మొహంలో ఆనందం డెబ్బై శాతానికి తగ్గకుండా ఉందా అని అది చూసుకుంటుంది. అన్నీ ఒకే ఫోటోలో కనబడితే బిడ్డకు ఒక ఏడు పెంచుతుంది. కనబడకపోతే పెంచదు. 'వేడుక లేనిదే వయసు లేదు' అని మా గోడల మీద నీలం రంగుతో రాయించారు కూడా.

"అంటే సార్, వేడుక కుదరకపోతే పిల్ల పెరగదాండీ?" అని శిక్షణలో ఒకామె లేచి అడిగింది.

"పెరగొచ్చు. పెరగదని శాఖ అనడం లేదు. మనకు తెలియకుండా పెరుగుతుంది. తెలియని పెరుగుదలను శాఖ పరిగణనలోకి తీసుకోదు, అంతే" అన్నారు ఉమాపతిరావు గారు. ఆమె కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది?

జూలై మొదటి వారంలో సత్యవేణి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు వొలిచే పని ఆ పిల్లది. రొయ్య ఐసులో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. మొగుడు పడవ మీద పోతే పదిహేను రోజులకు గాని ఒడ్డు మొహం చూడడు. ఇంట్లో పిల్లను చూసుకునే అత్తగారు కిందటి నెల పోయింది. అప్పటినుంచి కూతురు ధన్వికను ఫ్యాక్టరీ గేటు పక్కన వాచ్‌మన్ గుడిసెలో కూర్చోబెట్టి లోపలికి వెళ్తోంది. ఆ గేటు ముందు రోజంతా ఐసు లారీలు తిరుగుతూనే ఉంటాయి.

"టీచర్ గారండీ, మా పిల్లనెప్పుడు చేర్చుకుంటారండి?" అంది.

మా రూలు పాతదే. మూడు నిండిన పిల్లలు తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా బాలవాడీలో ఉండొచ్చు. అన్నం, పప్పు, గుడ్డు మేమే పెడతాం. మూడు నిండని వాళ్ళకు నెలకో పిండి పొట్లం ఇచ్చి ఇంటికి పంపించెయ్యాలి.

"పన్నెండుకి మూడు నిండుతాయి కదే. ఆ రోజు పుట్టినరోజు చేసేద్దాం. పదమూడు నుంచి తెచ్చి దింపెయ్."

"నెలాఖరు దాకానే చూత్తానన్నాడండి మేస్త్రి. ఆనక పిల్లతో వత్తే గేటు కాడే ఆపేత్తాడంటండి. ఆ పని పోతే నాకింకోటి లేదండి బాబూ."

"నెలాఖరు దాకా ఎందుకే? పన్నెండనుకున్నాం కదా" అన్నాను. నా నోటికి అప్పట్లో అంత పొగరు.

పన్నెండో తారీఖు లోపల ఆ పథకానికి మూడు సవరణలు వచ్చాయి. వెలుగుతున్న దీపాన్ని నోటితో ఆర్పడం అశుభమని, పిల్లల చేత ఆ పాపం చేయిస్తారా అని ఊళ్ళలో పెద్దవాళ్ళు గొడవ చేశారు. నిజానికి ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని మొదటి సవరణ: బిడ్డ దీపాన్ని ఊదవలెను, అయితే దీపము ఆరరాదు. తర్వాత అగ్నిమాపకం వాళ్ళు ఉత్తరం రాశారు. రెండో సవరణ: బిడ్డకూ మంటకూ మధ్య ఎనిమిది అడుగుల దూరము పాటించవలెను. తర్వాత పోషకాహారం వాళ్ళకు కోపమొచ్చింది. మూడో సవరణ: కేకు నిషిద్ధము, దాని స్థానమున అదే ఆకారములో రాగి సంకటి వాడవలెను.

"మూడు సవరణలూ ఒకదానితో ఒకటి ఎంత చక్కగా సమన్వయమయ్యాయో గమనించారా?" అని మా సూపర్‌వైజర్ ఇందుమతి గారు ఫోన్లో మురిసిపోయారు. "ఎనిమిది అడుగుల దూరం నుంచి ఊదితే దీపం ఎలాగూ ఆరదు. పైవాళ్ళు ఆలోచించే చేస్తారు నూకరత్నం గారూ."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఎవడో. ఆయన మా శాఖలోనే పనిచేసి ఉంటాడు.

పన్నెండు రానే వచ్చింది. మా ఆయా వరాలమ్మ తెల్లారే సంకటి వండి, సత్తు గిన్నెలో ఒత్తి బోర్లించింది. చుట్టూ చెర్రీల బదులు శనగలు గుచ్చింది. సుద్దముక్కతో ఎనిమిది అడుగులు కొలిచి గీత గీసింది. ధన్విక గులాబీ రంగు గౌను వేసుకుని గీత మీద నిలబడింది. చెవులకు జూకాలు పెట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి తెచ్చింది సత్యవేణి. ఆ దిష్టిచుక్క తుడిచెయ్యమని యాప్ అడిగింది. తుడిచాం.

"ఊదమ్మా" అన్నాను. బుగ్గలు పూరించి ఊదింది. 'ముఖము సరిపోలలేదు' అంది యాప్. బుగ్గలు ఉబ్బితే అది ఈ పిల్ల కాదట.

"నవ్వుతా ఊదమ్మా, నా తల్లి కదూ" అంది వరాలమ్మ. ధన్విక నవ్వింది. ముత్యాల్లాంటి పళ్ళు. ఆనందం ఎనభై ఎనిమిది శాతం. 'ఊదుట కనబడలేదు.'

మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి, ఎవరూ చూడకుండా. నవ్వితే మూతి సాగుతుంది, ఊదితే మూతి ముడుచుకుంటుంది. రెండూ ఒకేసారి చెయ్యాలంటే మనిషికి రెండు మూతులుండాలి. మూడోసారి ధన్వికకు విసుగొచ్చి నాలుక బయటపెట్టింది. అంతే, తెర ఎర్రగా మారిపోయి, 'ప్రయత్నములు ముగిసినవి. ఈ బిడ్డకు ప్రస్తుత వయస్సు: రెండు. వచ్చే జన్మదినమున ప్రయత్నించగలరు' అని వచ్చింది.

సత్యవేణి నా మొహం వైపు చూసింది. "అంటే ఏంటండీ? మూడు రాలేదాండి?"

"ఆ ఫోను మొహం మీద పేడ కొట్ట! పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే రాలేదంటదేంటి" అంది వరాలమ్మ.

నేను మర్నాటి నుంచి పిల్లని తెచ్చెయ్యమన్నాను. ఏమవుతుందో అవుతుంది అనుకున్నాను. నాలుగు రోజులు వచ్చింది ధన్విక. కాకి పాట నేర్చుకుంది. గుడ్డులో పచ్చసొన ముందు తిని తెల్లది చివరికి దాచుకునేది. అయిదో రోజు ఇందుమతి గారు తనిఖీకి వచ్చి పిల్లల తలలు లెక్కపెట్టారు. ఒక తల ఎక్కువొచ్చింది.

"ఎవరీ పిల్ల?"

"ధన్విక మేడం. మూడు నిండింది."

"ఎక్కడ నిండింది? యాప్‌లో రెండని ఉంది."

"చూడండి మేడం, మాట్లాడుతోంది, పాట పాడుతోంది, తన గిన్నె తనే కడుక్కుంటోంది. కళ్ళకు కనపడుతోంది కదా."

"కళ్ళకు కనపడేది ఆధారం కాదు నూకరత్నం గారూ. కళ్ళకు బోలెడు కనపడతాయి" అని అక్కడికక్కడే మెమో రాశారు. 'మూడు సంవత్సరములు నిండని వ్యక్తికి నాలుగు గుడ్లు అక్రమముగా తినిపించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను' అని. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదని నోటితో చెప్పారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. నాకు భయమేసింది. ధన్వికను చంకనేసుకుని నేనే తీసుకెళ్ళి ఫ్యాక్టరీ గేటు దగ్గర వాళ్ళమ్మకు అప్పగించాను. పిరికితనం నాది, తిట్టుకోవాల్సింది ఇంకెవర్నో అయినా.

పట్టు వదలకుండా ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక తెలిసింది, మండలం మొత్తంలో జూన్ నుంచి ఒక్క బిడ్డకూ వయసు పెరగలేదట. ఒకటో తరగతికి పోవాల్సిన పిల్లాడు ఒకడు యాప్‌లో ఇంకా నాలుగు దగ్గరే కూర్చున్నాడు. దీని మీద ఉమాపతిరావు గారు సమీక్షా సమావేశం పెట్టారు. నన్నూ కూర్చోమన్నారు.

"సమస్య పథకంలో లేదు, మూతుల్లో ఉంది. క్షేత్రస్థాయిలో ఊదుడు నైపుణ్యం కొరవడింది. ముందు మనం నేర్చుకుంటే కదా పిల్లలకు నేర్పేది" అన్నారాయన.

ఇక చూడాలి ఆ తమాషా. గెజిటెడ్ హోదా ఉన్నవాళ్ళు ఆరుగురు బల్ల చుట్టూ కూర్చుని, నవ్వుతూ ఊదారు. ఊదుతూ నవ్వారు. ఫైళ్ళ మీద తుంపర్లు పడ్డాయి. గుమాస్తా గొడుగు తెమ్మంటారా అని అడగబోయి ఆగిపోయాడు. ఇందుమతి గారికి దవడ పట్టేసింది. ఉమాపతిరావు గారు మాత్రం అద్దం తెప్పించుకుని వారం రోజులు సాధన చేశారు. పైపెదవి నవ్వుతుంటే కింది పెదవి ఊదే పద్ధతి ఒకటి కనిపెట్టారు. చూస్తే పాలు విరిగినట్టుంటుంది ఆ మొహం. కానీ యాప్‌కు నచ్చింది. తొంభై ఒక శాతం.

"విఫలమైన వేడుకలకు పునర్వేడుక అనే వెసులుబాటు తెప్పించాను. మీ బాలవాడీ నుంచే మొదలు. ఆ పిల్లకు నేనే స్వయంగా మూడేళ్ళు నింపుతాను" అని నాకు మాటిచ్చారు.

నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పునర్వేడుక రోజు మా బాలవాడీ ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఉమాపతిరావు గారిది నిలువెత్తు ఫోటో, ఇందుమతి గారిది నడుము దాకా ఫోటో, ఇంకా పన్నెండు మందివి గుండ్రాల్లో తలకాయలు. ధన్విక ఫోటోకు చోటు చాలలేదు. రెండు జీపులొచ్చాయి. ఆకలితో ఉన్న పిల్లల్ని గంటన్నర కూర్చోబెట్టి ఉపన్యాసాలిచ్చారు. ఆనక ధన్వికను గీత మీద నిలబెట్టారు. ఎదురుగా అంతమంది కొత్త మొహాలు. పిల్ల బావురుమంది.

"ఏడవకూడదమ్మా, ఏడిస్తే శాతం పడిపోతుంది" అన్నారు ఇందుమతి గారు.

"ఇలా చూడు పాపా, అంకుల్ ఎలా చేస్తున్నాడో చూడు" అని ఉమాపతిరావు గారు పిల్ల పక్కకు వచ్చి, గీత మీద మోకాళ్ళు వంచి కూర్చుని, నవ్వుతూ ఊదారు. అదే క్షణంలో ఇందుమతి గారు కంగారులో మీట నొక్కేశారు.

ఫోన్లోంచి సన్నాయి మోగింది. 'అభినందనలు! మీ బిడ్డకు మూడు సంవత్సరములు నిండినవి.'

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఫోన్ తీసుకుని చూశాను. పేరు ధన్విక. తల్లి సత్యవేణి. వయసు మూడు. ముఖం మాత్రం ఉమాపతిరావు గారిది, మీసాలతో సహా. పునర్వేడుకలో పాత ముఖాన్ని చెరిపేసి, కొత్తగా ఊదిన ముఖాన్నే నమోదు చేసుకోవాలని ఆయనే పైకి రాసి తెప్పించుకున్నారట.

"మార్చేద్దాం సార్, తప్పు పడింది" అన్నాను.

"తప్పు అనే పదం వాడకండి. పైకి నివేదిక వెళ్ళిపోయింది. మండలంలో మొట్టమొదటి విజయవంతమైన వేడుక ఇది. కమిషనర్ గారు వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ కూడా పెట్టారు" అన్నారాయన. ముఖం మార్చడానికి వచ్చే జన్మదినం దాకా వీలు లేదట.

మరి ధన్విక పేరుకు రోజూ హాజరు పడాలి కదా. హాజరంటే ముఖం చూపించాలి. మూడు రోజులు హాజరు పడకపోతే బిడ్డ బడి మానేసిందని పైవాళ్ళకు ఎర్రగీత వెళ్తుంది. మొట్టమొదటి విజయానికే ఎర్రగీత పడితే ఇంకేముంది? కాబట్టి మర్నాటి నుంచి పదకొండింటికల్లా జీపు మా గుమ్మం ముందు ఆగేది. ఆయన దిగి, నాన్నకు బుద్ధిగా లొంగిన కొడుకులా తలొంచుకుని లోపలికొచ్చి, ముఖం చూపించేవారు. గుడ్డుకు వేరే ఫోటో ఉంది, తింటున్నట్టు. అదీ తీయించుకునేవారు. చిన్నపిల్లల పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ధన్విక వంతు గుడ్డు ఉప్పు అద్దుకుని తినేవారు.

"నిజానికి నాకు ఇష్టం లేదండీ, కొలెస్ట్రాల్ కూడానూ. కానీ విధి నిర్వహణ" అన్నారు ఒకరోజు, రెండో సగం నోట్లో పెట్టుకుంటూ.

"మరి పిల్ల సంగతేంటి సార్? ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల మధ్య కూర్చుంటోంది."

"ఆ అమ్మాయికి ప్రస్తుతం నమోదైన ముఖం లేదు కదా నూకరత్నం గారూ. ముఖం లేని వ్యక్తిని లోపలికి ఎలా అనుమతిస్తాం? ఆమె సీటు ఎక్కడికీ పోలేదు. భద్రంగా ఉంది. నేను కూర్చున్నాను" అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. నా చేతిలో గరిటె ఉంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఆ గరిటెను కిందికి దించింది.

ముప్పై ఒకటో తారీఖున సత్యవేణి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పని బట్టల్లో లేదు. మేస్త్రి పొద్దున్నే గేటు దగ్గర ఆపేశాడట.

"నేను మేస్త్రితో మాట్లాడతానే" అన్నాను.

"ఒద్దులెండి టీచర్ గారూ. ఇంకో మనిసిని పెట్టేసుకున్నాడండి" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలిగ్గా ఉండేది. "పిండి పొట్లమన్నా ఇత్తారేమోనని వచ్చానండి."

పొట్లం ఇవ్వడానికీ వీల్లేదు. పొట్లం మూడు నిండని వాళ్ళకు. యాప్‌లో ధన్వికకు మూడు నిండాయి.

నేను గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఈ మాట సత్యవేణికి ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. ధన్విక నా కాళ్ళ పక్కనుంచి దూరి లోపలికెళ్ళిపోయింది. పీట మీద ఉమాపతిరావు గారు గుడ్డు వొలుచుకుంటున్నారు, ఫోటో తియ్యడానికి ఇందుమతి గారు ఫోన్ పట్టుకుని పక్కనే ఉన్నారు. పిల్ల వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. ఎదురుగా నిలబడితే ఇద్దరి తలలూ ఒక ఎత్తే.

ఆయనకు ముచ్చటేసింది. ఎంతైనా శిశు సంక్షేమం చూసే మనిషి. "ఏం పాపా, బాగున్నావా? నీకెన్నేళ్ళు?" అన్నారు.

ధన్విక ఆలోచించలేదు. ఈ నెలంతా పెద్దవాళ్ళు తన నెత్తి మీద నుంచి మాట్లాడుకున్నదంతా విన్న పిల్ల అది.

"నాకు లేవు. నా మూడు నీ కాడున్నాయంట" అంది. చెయ్యి చాపి, "ఇచ్చెయ్" అంది.

ఇందుమతి గారు కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఉమాపతిరావు గారు అటూ ఇటూ చూశారు. వొలిచిన గుడ్డులో సగం తుంచి దాని అరచేతిలో పెట్టారు.

ధన్విక ఆ సగం గుడ్డు తీసుకెళ్ళి గుమ్మంలో ఉన్న వాళ్ళమ్మ చేతికిచ్చింది. తిరిగొచ్చి, ఆయన ముందు మళ్ళీ చెయ్యి చాపింది.